మా అక్క కూతురి చెమట వాసన

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ద్వారకా నగర్‌లో ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ల రక్తం తీయడం, మూత సరిగా పెట్టని మూత్రం సీసాలు, మలం డబ్బాలు అందుకోవడం, కఫాన్ని గాజుపలక మీద పలచగా పూయడం నా పని. చేతికి గ్లోవ్స్ ఉంటే చాలు, ఏదీ నాకు రోత అనిపించదు. మధ్యాహ్నం అదే చోట కారియర్ విప్పి చేపల పులుసుతో అన్నం తినేస్తాను. అలాంటి దాన్ని, మా అక్క కూతురి పక్కన కూర్చుని ఒక ముద్ద మింగలేకపోయాను.

అక్కవాళ్లది శ్రీకాకుళం వైపు పల్లె. వ్యవసాయం మీదే బతుకు. పిల్ల పదో తరగతి బాగా పాసై దువ్వాడలో ఒక కాలేజీలో ఇంటర్ చేరింది. హాస్టల్ తిండి పడక జ్వరం తెచ్చుకుంటే నేనే వెళ్లి మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఇల్లు పోర్టుకి దగ్గర. రెండు గదులు, వెనక సామాన్ల కోసం కిటికీ లేని ఒక చిన్న గది. ఆ చిన్న గది ఖాళీ చేసి పిల్లకిచ్చాను. మా వైపు ఎవరూ కిటికీలు తెరిచి ఉంచరు. పోర్టులో దింపే బొగ్గు పొడి గాల్లో తేలివచ్చి గంటలో నేలంతా నల్లగా చేసేస్తుంది. అందుకే బట్టలు కూడా ఇంట్లోనే ఆరేస్తాం. ఆ తీగ ఉన్నది పిల్ల గదిలోనే.

వచ్చిన నెలలోపే వాసన మొదలైంది. పొద్దున బయల్దేరేటప్పుడు ఉల్లిపాయ కోసి మూతపెట్టి మరిచిపోయిన గిన్నెలా ఉండేది. గంటకు పైగా కిక్కిరిసిన బస్సులో నిలబడి సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ వాసన పులిసి, తడి గోనెసంచి కంపు కలుపుకుని, దాని మీద గులాబీ పౌడరు వాసన పులుముకుని వచ్చేది. ఆ పౌడరుతో కలిసిన వాసనే నాకు మరీ వెగటు. బూట్లు విప్పితే పాచిపోయిన మినపపప్పు. యూనిఫాం చంకల దగ్గర పసుపుపచ్చగా అట్టకట్టేసింది, ఎంత ఉతికినా మెత్తబడేది కాదు. ఒకరోజు మడతపెడుతుంటే వేళ్లకి అక్కడ జిగట తగిలింది. నోట్లో నీళ్లూరి, బాత్రూంలోకి పరిగెత్తి ఉమ్మేసి వచ్చాను.

పిల్లకి మాత్రం ఏమీ చెప్పలేదు. పదహారేళ్ల ఆడపిల్ల, కన్న కూతురు కాదు, ఏ నోటితో చెప్పను అనుకున్నాను. నాకు పనుందని చెప్పి దానికి ముందే అన్నం పెట్టేసేదాన్ని. అది గుమ్మంలో అడుగుపెట్టగానే లేచి కిటికీ తీసేదాన్ని. నేలమీద బొగ్గు పొడి పడితే మళ్లీ తడిగుడ్డ పెట్టుకునేదాన్ని. ఆ పొడే నయమనిపించేది.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బ్యాగు మేకుకి తగిలించింది. వెనక జిప్పుకి దారంతో కట్టి ఏదో గులాబీ రంగు బిళ్ల వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూశాను. మరుగుదొడ్లో కట్టే సువాసన బిళ్ల. కొత్తది కూడా కాదు. సగం అరిగి, మెత్తబడి, ఒక పక్క ఎవరిదో వెంట్రుక అంటుకుని ఉంది.

"ఏటిది?" అన్నాను.

దాన్ని పిల్ల అప్పుడే చూసింది. క్లాసులో ఎవరో కట్టారు, తెలియక అలాగే బస్సెక్కి ఊరంతా దాటి వచ్చింది. దాని మొహం చూస్తే, బస్సులో ఎవరెందుకు నవ్వారో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు కనిపించింది. బిళ్లని లాగి మూలకి విసిరేసి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

నీళ్ల చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. తలుపు కొట్టాను, పిలిచాను, చివరికి గట్టిగా అరిస్తే తీసింది. ఒంటికి తువ్వాలు చుట్టుకుని ఉంది. చేతిలో బట్టలుతికే బ్రష్షు, కింద బట్టల సబ్బు. చెయ్యి పట్టుకుని పైకెత్తాను. చంకలో తోలు లేచిపోయి ఎర్రటి మాంసం కనబడుతోంది. అంచుల్లో చీము పొక్కులు. పాత పౌడరు ఆ పుండులో ముద్దలుగా ఇరుక్కుని ఉంది.

"రోజూ ఇలాగే సేత్తన్నావా?"

"మూడేసిసార్లు సేత్తన్నాను పిన్నీ. అయినా పోదు."

"నాకు సెప్పొచ్చు కదే."

"నీకు తెలుసు కదా," అంది. ఏడవలేదు. "నానొచ్చినప్పుడల్లా కిటికీ తీసెత్తావు."

క్లాసు పిల్లలు బిళ్ల కట్టారు, నేను కిటికీ తీశాను. అంతే తేడా. అప్పటిదాకా పిల్ల మీద పడ్డ అసహ్యమంతా తిరిగి నా మీదికే వచ్చింది. తప్పయిపోయిందన్నాను. అది తల ఊపి తడి జుట్టు తుడుచుకుంది.

మర్నాడు సెలవు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పుండు మానడానికి మందులు రాసి, అది మానాక రుద్దకుండా ఎలా కడుక్కోవాలో ఆవిడ పిల్లకి నెమ్మదిగా చెప్పింది. చెమటకి అంత వాసన ఉండదని, తడి ఆరని చోట క్రిములు పెరిగి కంపు పుట్టిస్తాయని అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. క్రిములు పెంచడం నాకు వచ్చిన పనే. వెచ్చగా, తడిగా, గాలి ఆడకుండా పెట్టెలో పెడితే రెండో రోజుకి పొరలు పొరలుగా పెరుగుతాయి. కిటికీ లేని గదిలో తీగ మీది తడి బట్టల కింద పడుకోబెట్టి, ఆ గదిలోనే ఆరీ ఆరని పాలిస్టర్ యూనిఫాం తొడిగి పంపింది నేనే.

పిల్ల మంచాన్ని ముందు గదిలోకి మార్చాను. యూనిఫాం పైబట్టలు రెండూ పారేసి, మూడు జతలు నూలు బట్టతో కుట్టించాను. లోబట్టలన్నీ కొత్తవి కొన్నాను. బట్టలు ల్యాబు మేడ మీదికి పట్టుకెళ్లి ఎండలో ఆరేసి, సాయంత్రం తెచ్చేదాన్ని. పౌడరు మానిపించాను. చంకల్లో వెంట్రుకలు కత్తిరించుకోవడం, తుడుచుకుని పూర్తిగా ఆరాకే బట్టలేసుకోవడం, మేజోళ్లు రోజూ మార్చడం నేర్పాను. ఎవరూ చెప్పలేదు దానికి. మా అక్కకి ఎవరు చెప్పారు గనక?

మూలన పడ్డ ఆ బిళ్లని గ్లోవ్స్ వేసుకుని తీసి, శాంపిల్స్ వేసే ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. కాలేజీకి వెళ్లి క్లాసు చూసే మేడంతో మాట్లాడాను. ఆవిడ విని నవ్వు ఆపుకుంది. పిల్లలన్నాక సరదాలుంటాయని, ముందు మా పిల్లని శుభ్రంగా పంపమని సలహా ఇచ్చింది. నేను కవరు తీసి ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన పెట్టాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"రోతగా ఉంది కదండీ. మా పిల్ల దీన్ని వీపున ఏసుకుని గంటన్నర బస్సులో వచ్చింది," అన్నాను.

ఆ వారం క్లాసులో ఏం చెప్పారో నాకు తెలియదు. మా పిల్ల దగ్గరికొస్తే పక్కవాళ్లు ముక్కుకి చున్నీలు అడ్డం పెట్టుకోవడం మాత్రం తగ్గిందట. నెలన్నరకి పుండ్లు మానాయి, వాసన చాలావరకు పోయింది. ఎండ మండిపోయే రోజుల్లో కొంచెం వస్తుంది, అందరికీ వచ్చినంతే. కానీ ఇప్పటికీ అది ఎవరి పక్కన కూర్చోబోయినా ముందు తల తిప్పి తన భుజం వాసన చూసుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు కాలేజీ మొత్తం మీద అసహ్యం పుడుతుంది.

రెండో ఏడాదిలో ఒక అమ్మాయి నోట్సు కోసం మా ఇంటికి వచ్చింది. బిళ్ల కట్టింది ఈ పిల్లేనని నాకు వంటింట్లో చెవిలో చెప్పి, రెండు ప్లేట్లలో ఉప్మా పెట్టుకుని వెళ్లింది మా పిల్ల. ఆ అమ్మాయి గలగలా మాట్లాడుతూ తింటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. వెళ్లిపోయాక, అలాంటి దాన్ని ఇంట్లోకి ఎలా రానిచ్చావని అడిగాను.

పిల్ల ప్లేట్లు కడుగుతూ, "ఆ పిల్లకి నోరు కంపు పిన్నీ. పళ్లు పుచ్చిపోయినట్టున్నాయి," అంది. "నాను ఎవురికీ సెప్పలేదు."

"దానికి సెప్పావా?"

"ఇయ్యాల సెప్దామనుకున్నాను. నోరు రాలేదు. రేపు బస్సు కాడ ఒక్కత్తే ఉంటాది, అప్పుడు సెప్తాను."

మర్నాడు చెప్పిందట. ఆ అమ్మాయి వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత పళ్ల డాక్టరు ఎక్కడున్నాడని అడిగిందట. మా పిల్ల నన్నడిగితే మా ల్యాబు కింద ఉన్న డాక్టరు పేరు చెప్పాను. ఆ అమ్మాయి మీద రోత మాత్రం నాకు పోలేదు.