తోపుల కింద వనభోజనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లందరికీ కొంతకాలం ఉండే జబ్బే అది. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఆదివారాలు నాంపల్లిలో ఒక స్కూలు మేడ మీద జరిగే చరిత్ర సంఘం మీటింగులకు వెళ్లేదాన్ని. సంఘమంటే ఘనంగా ఊహించుకోకండి. కొందరు పెద్దవాళ్లు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, గురక పెట్టే మైకు, అంతే. నేను బిస్కట్ల కోసమే వెళ్తున్నానని మా తమ్ముడు అనేవాడు గానీ, అసలు కారణం వేరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మా తాతగారు తెనాలి నుంచి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా నేను నోరు తెరిస్తే చాలు, "మీదే ఊరమ్మా?" అనేవారు. నాంపల్లి అంటే, "గది కాదు, అసలు ఊరు" అనేవారు. ఒక్కసారైనా ఈ ఊరి పిల్లననిపించుకోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

సంఘం అధ్యక్షులు రిటైరైన లెక్కల సారు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "వచ్చే ఆదివారం నువ్వు మాట్లాడు బిడ్డా. గన్‌ఫౌండ్రీల గప్పట్ల తోపులుండె గద, గా ముచ్చట జర చెప్పు" అన్నారు. నేను గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను. మా ఇంట్లో తోపంటే మామిడి తోపు, ఇంకో అర్థం లేదు. (గన్‌ఫౌండ్రీ అన్న పేరులోనే ఉంది కదా అంటారేమో. రోజూ దిగే బస్‌స్టాపు పేరుకు మీరెప్పుడైనా అర్థం వెతుక్కున్నారా?) వారమంతా నాన్నను కూర్చోబెట్టి మామిడి కబుర్లు చెప్పించుకున్నాను. ఆయన ఎరిగిన తోపులన్నీ నూజివీడు పక్కవి. వాటిని అబిడ్స్ పక్కనున్న గన్‌ఫౌండ్రీకి తరలించే పని నేను చూసుకున్నాను.

ఆదివారం అమ్మ పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. "ఎండాకాలం ఈ తోపుల కింద చల్లగా ఉండేది. పెద్దవాళ్లు మధ్యాహ్నం అక్కడే కునుకు తీసేవారు. ఆడవాళ్లు వనభోజనాలు చేసుకునేవారు" అన్నాను. ముందు వరసలో బేగం బజార్ పసుపు వ్యాపారి సేటుగారు చాయ్ కప్పు కింద పెట్టేశారు.

"తోపుల కింద అన్నం తినుడేందమ్మా? భయం గాకపోవునా?"

"భయమెందుకండీ? గాలి వీస్తే టపటపా రాలేవి. నెత్తిన ఒకటి పడితే అదృష్టం."

"నెత్తిన పడ్డంక ఏం చేస్తుండె మరి?"

"ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకుని తినేవారు" అన్నాను గర్వంగా.

లెక్కల సారు దగ్గరికొచ్చి మెల్లగా, "బిడ్డా, మా దిక్కు తోపంటే ఫిరంగి. గాడ ఫిరంగులు పోతపోసేటోళ్లు" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ, మైకు మొదటిసారి సరిగ్గా పనిచేసింది. ఇక చూడండి, మేడంతా నవ్వు. సేటుగారు కళ్లు తుడుచుకుంటూ, "ఉప్పూకారం" అని మళ్లీ మొదలుపెట్టేవారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అప్పుడే, ఆరోజే కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి, "ఈ అమ్మాయిది ఏ ఊరండీ?" అని అడిగాడు. అయిపోయింది, జన్మలో ఇక నేను ఈ ఊరిదాన్ని కాలేను అనుకుని తల దించుకున్నాను.

"గీ ఊరే" అన్నారు లెక్కల సారు. "బయటోళ్లయితే నాలుగు పుస్తకాలు తిరగేసి సరిగ్గ చెప్తరు. గింత ధైర్యంగ తప్పు చెప్పాలంటే గీడ పుట్టాలె."

ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆరోజు బిస్కట్ల పళ్లెం నేరుగా నా ముందుకే వచ్చింది, నేనూ మొహమాటపడలేదు.

ఇప్పుడు ఆ సంఘంలో పెద్దదాన్ని నేనే. ప్రతి మాటా పుస్తకాల్లో సరిచూసుకుని మాట్లాడతాను. ఒక్క తప్పు దొర్లదు, ఒక్కరూ నవ్వరు. అప్పుడప్పుడు ఆ పట్టుచీర పిల్ల మీద నాకు అసూయ కలుగుతుంది. లెక్కల సారు లెక్క ప్రకారం చూస్తే, నేను మళ్లీ బయటిదాన్నయిపోయినట్టే కదా.