చివరి మాట సున్నా

మా ఆఫీసులో ఆమెను అందరూ సున్నమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు, అందుకే అక్కా అంటాను.

మాది ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల గది. కిటికీ లేదు, గోడ నిండా తెర మాత్రం ఉంది. ల్యాబ్ నుంచి డాక్టర్లకు వెళ్లే రక్తపరీక్షల రిపోర్టులు, మందుల స్టోరు నిల్వలు, అన్నిటినీ చిన్న చిన్న ప్రోగ్రాములు మోస్తుంటాయి. ఒక్కో ప్రోగ్రాము తన పని అయ్యాక ఒక అంకె వదిలి వెళ్లిపోతుంది. సున్నా వదిలితే అంతా సవ్యంగా జరిగినట్టు, తెర మీద దాని గడి పచ్చగా ఉంటుంది. మరే అంకె వదిలినా గడి ఎర్రబడుతుంది. బడిలో సున్నా తెచ్చుకుంటే మా నాన్న చేతిలో వీపు విమానం మోత మోగేది. ఇక్కడేమో సున్నా వస్తేనే ప్రాణం కుదుటపడుతుంది.

మిగతా అంకెలకు తలా ఒక అర్థం, ఎవరో పెద్దలు ఎప్పుడో నిర్ణయించి పెట్టారు. అరవై ఆరంటే చదవమన్న ఫైలు దొరకలేదని. డెబ్బై మూడంటే రాయాల్సిన ఫైలు తయారుచేయలేకపోయానని. డెబ్బై ఏడంటే అనుమతి లేదని. డెబ్బై ఐదంటే ఇప్పటికి కాలేదు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించమని. అక్కకు ఇవన్నీ కంఠతా వచ్చు. అక్కడితో ఆగినా బాగుండేది, ఇంటికి కూడా మోసుకెళ్లింది. వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు, నాకు వరసకు బావగారు. కళ్లజోడు కనపడకపోతే ఆయన "అరవై ఆరు" అని కేకేస్తాడు. కూతురు సినిమాకు వెళ్తానంటే అక్క "డెబ్బై ఏడు" అంటుంది. గిన్నెలు కడగమంటే బావగారు "డెబ్బై ఐదు" అని పేపరు తిరగేస్తాడు. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇదేదో లాటరీ పిచ్చి పట్టిన కుటుంబం అనుకున్నాను.

అక్కకు కుదురనేది లేదు. ఆమె కుర్చీ మీద ఆమెకన్నా ఆమె సంచీయే ఎక్కువసేపు కూర్చుంటుంది. తెరంతా పచ్చగా ఉన్నా లేచి వెళ్లి, ఒక్కో గడినీ వేలితో తట్టి చూస్తుంది.

"పచ్చగా ఉంటే నీకేం నొప్పక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఎర్రగా ఉంటే ఏం చెయ్యాలో తెలుసే. పచ్చగా ఉంటేనే నాకు భయం," అంది.

నవ్వుకున్నాను. మనిషికి భయపడటానికీ ఏదో ఒకటి కావాలి కదా అనుకున్నాను.

ఆ రోజు పొద్దున బావగారు మా ల్యాబ్‌లోనే రక్తం ఇచ్చాడు. బీపీకి కొత్త మాత్ర మొదలుపెట్టాక చేయించాల్సిన పరీక్ష అది. ఆ మాత్ర కొందరి ఒంట్లో పొటాషియం పెంచుతుందని, మరీ పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. "మధ్యాహ్నంలోపు రిపోర్టు చూస్తాను. తేడా ఉంటే నేనే ఫోన్ చేస్తాను. చెయ్యలేదంటే నిశ్చింతగా డ్యూటీకి వెళ్లండి," అన్నాడు. బావగారిది ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. గేటు దగ్గర అక్క "ఎలా ఉంది?" అని అడిగితే ఆయన ఎప్పట్లాగే "సున్నా" అన్నాడు. లోకంలో ఏ సున్నానూ నమ్మని మనిషి ఆ ఒక్క సున్నానూ నమ్మి పైకి వచ్చింది.

గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. ఫోన్ తీయడం, చూడటం, బోర్లించడం. డాక్టరు గదికి ఫోన్ చేస్తే అక్కడి అటెండరు "ఏమైనా ఉంటే సారే చేస్తానన్నారుగా" అని పెట్టేశాడు. ల్యాబ్‌కు చేస్తే అక్కడి పెద్దాయన "ఎప్పుడో పంపేశామమ్మా. పంపడం ముగిసింది అని తెర మీద పడింది కూడా," అన్నాడు. మా గోడ మీద ల్యాబ్ గడి పచ్చగా నవ్వుతోంది.

"ఫోన్ రాలేదంటే బాగున్నట్టేగా అక్కా. కాసేపు కూర్చో, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాను.

కూర్చోబోయింది కూడా. అంతలో పై వార్డు నర్సు తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమ్మా, మీ కంప్యూటర్లకు ఇవాళ సెలవా? పొద్దుట్నుంచి మా వార్డుకు ఒక్క రిపోర్టు రాలేదు. ల్యాబ్ వాళ్లేమో పంపాం పంపాం అంటున్నారు."

అక్క కీబోర్డు ముందుకు లాక్కుంది. ల్యాబ్ పనిలో వరసగా నాలుగైదు మెట్లున్నాయి. రోజూ ఒక్క ఊపున నడిచే ఆ మెట్లను ఒక్కొక్కటిగా నడిపి, ప్రతి మెట్టు దగ్గరా అంకె చూసింది. రిపోర్టుల ఫైలు తయారుచేసే మెట్టు దగ్గర ఆగిపోయింది.

"డెబ్బై మూడు," అంది.

పాత ఫైళ్లు పేరుకుపోయి డిస్కు నిండిపోయింది. కొత్త ఫైలు పెట్టడానికి చోటే లేదు. ఫైలే పుట్టనప్పుడు డాక్టర్లకు వెళ్లేదేముంది? అది సరే, మరి గడి ఎర్రబడాలి కదా?

చివరి మెట్టు చూశాక అర్థమైంది. ఇన్ని మెట్లున్నా ఆ పని మొత్తానికీ చివరి మెట్టు వదిలే అంకే లెక్క. ఆ చివరి మెట్టు చేసేదల్లా ల్యాబ్ వాళ్ల తెర మీద "పంపడం ముగిసింది" అని రాయడం. రాయడానికేం, ఇల్లు కాలిపోతున్నా రాస్తుంది. రాసి, సున్నా వదిలి వెళ్లిపోతుంది.

"ఏ మహానుభావుడు రాశాడక్కా ఈ లైను?" అని పళ్లు నూరాను.

"నేనే."

పని అయిందో లేదో తెలియక ల్యాబ్ పెద్దాయన తెర ముందు పడిగాపులు కాస్తున్నాడని జాలిపడి ఆమధ్య చేర్చిందట. కంచే చేను మేసింది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. పాత ఫైళ్లు తీసేసింది, ఆ లైను చెరిపేసింది, ఏ మెట్టు తప్పినా అక్కడే ఆగి ఆ అంకెతోనే బయటికి రమ్మని రాసింది, మళ్లీ నడిపింది. సున్నా వచ్చింది. ఈసారి దాన్ని చూసి ఊరుకోకుండా నర్సుకు ఫోన్ చేసి, "కంటితో చూసి చెప్పు, వచ్చాయా?" అంది.

"వస్తున్నాయమ్మా, వరదలా."

ఆ ఫోన్ పెట్టేలోపే ఇంకో ఫోన్ మోగింది. డాక్టరు.

"మీ ఆయన ఎక్కడున్నారమ్మా? పొటాషియం చాలా ఎక్కువగా ఉంది. బండి ఎక్కనివ్వకండి. వెంటనే తీసుకురండి."

డ్యూటీలో డ్రైవర్ల ఫోన్లు లాకర్లో ఉంటాయి. డిపో నంబరుకు చేస్తే ఎంగేజ్. డిపో మా వెనక వీధి చివరే. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది, నేను ఆమె చెప్పులు పట్టుకుని వెనకే పరుగెత్తాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. బస్సు నిండా జనం, దారిలో బళ్లు, బడి పిల్లలు. ఆ స్టీరింగు ముందు ఈయన గుండె ఆగితే అన్న తలపు రాగానే ఇంకా జోరుగా పరుగెత్తాను.

మేం వెళ్లేసరికి బస్సు గేటు దాటబోతోంది. అక్క తిన్నగా వెళ్లి దానికి అడ్డంగా నిలబడింది. బ్రేకు కీచుమంది. లోపల్నుంచి ఎవరో "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా" అన్నారు.

బావగారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంటే, ఇక్కడికొచ్చావు? నాకేం కాలేదు, సున్నా."

"ఆ చివరి మాట నాకొద్దు," అంది అక్క, రొప్పుతూ. "పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా చెప్పు."

ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేస్తుంటే కాళ్లు నావి కానట్టున్నాయి," అన్నాడు. "మెట్లు దిగుతూ మధ్యలో కూర్చున్నాను. గుండె తట్టి, ఆగి, మళ్లీ తట్టినట్టుంది. నీకు చెబితే నువ్వు నిలవవు, నన్ను నిలవనివ్వవు. అందుకని చెప్పలేదు."

ఇంజిను ఆపేశాడు. దిగబోతే కాలు లేవలేదు. కండక్టరూ నేనూ చెరో పక్కా పట్టుకుని దించాం. అక్క ఒక్క మాట కూడా తిట్టలేదు, అది చూసి నాకు ఇంకా భయమేసింది.

సాయంత్రానికి ప్రమాదం గడిచిందన్నారు. చేతికి సెలైను, మంచం పక్కన గుండె గీత గీస్తూ ఒక మెషీను. గీత పచ్చగానే ఉంది. అక్క దాని ముందు నిలబడి వేలితో తట్టి చూస్తుంటే నర్సు కసురుకుంది. అక్క పడుకున్న మనిషి వైపు తిరిగింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

ఆయన అలవాటుగా నోరు తెరిచి, ఆగాడు. కళ్లు మూసుకుని ఒంట్లో ఏమేం జరుగుతోందో వెతుక్కుంటున్నట్టు కాసేపు ఉండిపోయాడు.

"డెబ్బై ఐదు," అన్నాడు.

అక్క మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే," అంది. "ఆగుతాను."