బొంగరం కడుపునొప్పి

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో పనిచేసేది. ముందు గదిలో కళ్లు పరీక్ష చేయించుకుని, ఫ్రేము ఎంచుకుని వెళ్లిపోయే మనుషుల ముఖాలు ఆమెకు తెలియవు. వాళ్ల అద్దాలు మాత్రం తెలుసు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచులు నునుపు చేసి, బిగించి, మెత్తని గుడ్డతో తుడిచి ముందుకు పంపడం ఆమె పని. పెళ్లి ఊసెత్తితే నవ్వి ఊరుకునే మనిషి, ముప్పై అయిదో ఏట ఎవరూ అనుకోకుండా ఒక అచ్చుపనివాణ్ణి చేసుకుంది. అతను పత్రిక అచ్చయ్యే చోట రాత్రి డ్యూటీ చేసేవాడు. మొదటి భార్య రోడ్డు ప్రమాదంలో పోయింది. అయిదేళ్ల కూతురుంది.

ఆ పిల్ల ఒకచోట నిలిచే రకం కాదు. అందుకే అందరూ బొంగరం అనేవారు. అసలు పేరు బడిలో టీచరుకు తప్ప ఎవరికీ అవసరం పడేది కాదు. సవతి తల్లి అనేసరికి పిల్ల మొండికేస్తుందని, దగ్గరకు రానివ్వదని చుట్టుపక్కలవాళ్లు ఆమెను ముందే బాగా భయపెట్టారు. అలాంటిదేమీ జరగలేదు. బొంగరం మొదటిరోజే "పిన్నీ, నీకు బొమ్మ కారు తోలడం వచ్చా?" అని అడిగింది. రాదంటే జాలిపడి నేర్పింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సోఫా, భోజనాల బల్ల. లోపలి గదిలో పెద్ద మంచం, కిటికీ పక్కన పిల్ల చిన్న మంచం. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి ఆమె వంట చేసేది. ముగ్గురూ కలిసి తిన్నాక అతను డ్యూటీకి వెళ్లేవాడు. తెల్లవారుజామున చేతివేళ్ల సందుల్లో సిరామరకలతో తిరిగొచ్చేవాడు.

పెళ్లయిన రెండు నెలలకు మొదటిసారి నొప్పి వచ్చింది.

ఆ రాత్రి ఎందుకో మెలకువ వచ్చి చూస్తే పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు, పిలవడం లేదు. మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని పొట్ట పట్టుకుని ఉంది. దీపం వేసి చూస్తే ముఖంలో నెత్తురు చుక్క లేదు. నుదుటి మీద చెమట.

ఎక్కడ నొప్పి అని అడిగితే బొడ్డు చూపించింది. ఎలా ఉందంటే కాసేపు ఆలోచించి, "లోపల ఎవరో బట్టలు పిండుతున్నారు" అంది.

ఆమె పిల్ల పక్కన చేరింది. ఏం తిన్నావని అడిగింది. అడిగాక, పెట్టింది తానే కదా అని గుర్తొచ్చింది. ముగ్గురూ ఒకే గిన్నెలోది తిన్నారు. నీళ్లు తాగించింది. వీపు నిమిరితే వద్దంది. భర్తకు ఫోను చేస్తే యంత్రాల హోరులో అతనికి వినపడలేదు. ఇక పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి బయలుదేరదామని చెప్పులు వేసుకుంటుండగానే, పిల్ల పక్కకు వాలి నిద్రపోయింది. చెప్పులు వేసుకున్న కాళ్లతోనే ఆమె మంచం పక్కన కూర్చుండిపోయింది.

పొద్దున లేచేసరికి బొంగరం తండ్రి వీపెక్కి స్వారీ చేస్తోంది. రొట్టె ఇంకొకటి కావాలంది. రాత్రి జరిగింది చెబితే అతను కూతుర్ని ఎగాదిగా చూసి, ఏదో పడకపోయి ఉంటుందిలే అన్నాడు. చూస్తే ఆమెకూ అలాగే అనిపించింది. పీడకల వచ్చింది పిల్లకా తనకా అని కూడా అనుమానం వచ్చింది.

నొప్పి మళ్లీ వచ్చింది. కొన్నాళ్లు ఆగి మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా రాత్రే, వచ్చినప్పుడల్లా తండ్రి లేనప్పుడే. ఆమె పాలు మానిపించింది. పాలు లేకపోయినా వచ్చింది. పాలు మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు రాలేదు. అలాగని పాలు మంచివేమో అనుకుంటే, గ్లాసెడు పాలు తాగి పడుకున్న రాత్రే వచ్చింది. గుడ్డు మీద అనుమానపడింది, నీళ్ల మీద అనుమానపడింది, కొత్తగా కొన్న గిన్నెల మీద కూడా అనుమానపడింది. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడిగితే, "నేనే అందర్నీ ఏడిపిస్తా" అంది పిల్ల. అంతకుమించి ఎటునుంచి చూసినా ఒక తీరూ తెన్నూ కనపడలేదు. దుకాణంలో ఒకరి అద్దం ఇంకొకరి ఫ్రేముకు అరగదీసి పాడుచేసింది. యజమాని ఒంట్లో బాగుందా అని అడిగాడు.

చివరికి భార్యాభర్తలు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లల డాక్టరమ్మ నిదానస్తురాలు. పొట్ట అంతా నొక్కి చూసింది. బొంగరానికి చక్కిలిగింతలు పుట్టి పకపకా నవ్వింది. జ్వరం ఉందా, వాంతులు అవుతున్నాయా, విరేచనం సాఫీగా అవుతోందా, బరువు తగ్గిందా అని ఒక్కొక్కటే అడిగింది. రక్తం, మూత్రం పరీక్ష చేయించింది, స్కానింగు తీయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. కుడివైపు కిందికి నొప్పి జరిగినా, పచ్చటి వాంతి అయినా, విరేచనంలో నెత్తురు కనపడినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పట్టుకున్నా వెంటనే తీసుకురమ్మంది. లేకపోతే పక్కన కూర్చుని ధైర్యం చెప్పమంది.

"అంటే ఏమీ లేనట్టేనా అండీ?" అని అడిగిందామె.

"నొప్పి ఉందమ్మా. కారణం నాకు దొరకలేదు, అంతే. పిల్ల నటిస్తోందని మాత్రం అనుకోకండి" అంది డాక్టరమ్మ. తరవాత మామూలుగానే ఇంకో ప్రశ్న అడిగింది. "ఈమధ్య ఇంట్లో ఏమైనా మార్పు వచ్చిందా?"

మార్పు అంటే తనే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. భర్త ఆమె వైపు చూడకుండా, పెళ్లి జరిగిందని చెప్పాడు. చూడకపోవడం మొహమాటానికో, ఇంకెందుకో ఆమెకు అంతుపట్టలేదు. ఇంటికి వచ్చే దారంతా అదే ఆలోచించింది.

అతను ఫోనులో చెప్పాడు కాబోలు, ఆ వారంలోనే పిల్ల అమ్మమ్మ సంచీతో దిగింది. ఆవిడ ఉద్యోగమంతా రైల్వే టిక్కెట్ల కిటికీ వెనక గడిచింది. రిటైరయినా మాట తీరు మారలేదు. వచ్చీ రాగానే, ఏం పెట్టావు, ఎప్పుడు పెట్టావు, ఎంత పెట్టావు అని అడిగింది, వెనక పెద్ద వరస నిలబడి ఉన్నట్టుగా. ఆవిడను ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. అత్తయ్య అనడానికి లేదు, అమ్మా అనడానికి నోరు రాలేదు. చివరికి పెద్దమ్మగారూ అంది. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

వంట పెద్దమ్మగారి చేతిలోకి పోయింది. పిల్ల పక్కన పడుకోవడం కూడా. ఈమె ముందు గదిలో సోఫా మీదకు చేరింది. ఆ రాత్రి నొప్పి రాలేదు. మర్నాడూ రాలేదు. వారం దాటినా రాలేదు. పెద్దమ్మగారు దెప్పలేదు, చాటుగా కూడా ఎవరితో ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి, "రాత్రి హాయిగా పడుకుంది" అనేది, అంతే. ఆ ఒక్క ముక్క ఈమె గుండెల్లో దిగబడేది.

పిల్ల బాగుంది కదా, ఇంకేం కావాలి అని తనను తాను అడిగేది. సోఫా మీద పడుకుని లోపలి గదివైపు చెవి ఒగ్గి ఉండేది. నొప్పి రాకూడదనే కోరుకునేది. కోరుకుంటూనే, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆవిడ పక్కన ఉండగా వస్తే బాగుండునని కూడా అనిపించేది. అనిపించగానే ఒళ్లు జలదరించేది. తాను ఏం మనిషో, ఆ ఇంట్లో తనకేం పనో ఆమెకు పాలుపోలేదు. పెళ్లికి ముందు అద్దెకున్న గది ఇంకా ఖాళీగానే ఉందా అని ఒకరోజు దుకాణం నుంచి వస్తూ చూసి కూడా వచ్చింది. ఎందుకు చూసిందంటే తనకే తెలియదు.

ఆ తరవాత కొద్దిరోజులకు, పెద్దమ్మగారు చీకట్లో వచ్చి సోఫా పక్కన నిలబడింది.

"అమ్మాయ్, ఒకసారి లేస్తావా? నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు" అంది.

లోపల బొంగరం మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. అదే పాలిపోయిన ముఖం. ఈమె మంచం అంచున కూర్చుని, నొప్పి ఎక్కడుందో చూపించమంది. బొడ్డే. ఒళ్లు వేడిగా ఉందేమో చూసింది, లేదు. కుడివైపు మెల్లగా నొక్కి చూసింది, పిల్ల కదలలేదు. అమ్మమ్మ ఏదో చెప్పబోతే బొంగరం, "ఎవరూ మాట్లాడొద్దు. నేను లెక్కపెట్టుకుంటున్నా" అంది. ఇద్దరూ చెరోవైపు నోరు మెదపకుండా కూర్చున్నారు. పిల్ల అంకెలు తప్పుతూ, మళ్లీ మొదటికొస్తూ, నడుమ ఎక్కడో నిద్రలోకి జారింది.

ఆమె ఊపిరి పీల్చుకుంది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. కోరుకున్నది జరిగింది. జరిగింది పిల్ల పొట్టలో.

వంటగదిలో పెద్దమ్మగారు గ్లాసుతో నీళ్లు పట్టుకుని, తాగకుండా నిలబడింది. "దీని అమ్మకూ ఇలాగే వచ్చేది" అంది.

ఈమె అర్థంకానట్టు చూసింది.

"ఈ వయసులోనే. ఇలాగే బొడ్డు చూపించేది. మా అత్తగారు నా వంటను తిట్టని రోజు లేదు. ఎందరు డాక్టర్లకు చూపించినా తేలలేదు. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు. గుర్తొచ్చి చూసుకునేసరికి, రావడం మానేసి చాన్నాళ్లయింది."

"మరి వచ్చిన రోజే చెప్పలేదేం పెద్దమ్మగారూ?"

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టింది. "నేను రాత్రి డ్యూటీలు చేసేదాన్ని. పిల్లను వదిలేసి పోతున్నాను గనకే దానికి అలా వస్తోందని అప్పట్లో అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను. ఇన్నేళ్లూ నమ్మాను. ఇక్కడికొచ్చాక, ఇది నీవల్ల వస్తోందనుకుంటే... నాకు కాస్త తేలిగ్గా ఉండింది."

ఆమెకు కోపం రావాలి. వచ్చిందేమో కూడా. కానీ ఎదురుగా ఉన్నది ఒక ముసలామె, నిద్రచెదిరిన జుట్టుతో, కూతురు లేని తల్లి. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక, "కూర్చోండి, టీ పెడతాను" అంది. ఇద్దరూ టీ తాగారు. పెద్దమ్మగారు కూతురి సంగతులు చెప్పింది. పెళ్లయ్యాక ఆ అమ్మాయికి తలలో ఒక పక్క పోటు వచ్చేదని, చీకటి గదిలో పడుకుంటే గాని తగ్గేది కాదని కూడా మాటల్లో వచ్చింది.

ఈసారి డాక్టరమ్మ దగ్గరకు ఆడవాళ్లిద్దరే వెళ్లారు. డాక్టరమ్మ అంతా విని, తల్లికి అలాంటి తలపోటు ఉంటే కొందరు పిల్లలకు చిన్నప్పుడు ఇలా కడుపునొప్పిగా వస్తుందని చెప్పింది. అయితే ఇదీ అదేనా అంటే, అయి ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేనంది. వేళకు తిండి, వేళకు నిద్ర ఉండేలా చూడమంది. ముందు చెప్పిన గుర్తులు కనపడితే మాత్రం ఆలస్యం చేయొద్దని మళ్లీ చెప్పింది. మెట్లు దిగుతూ పెద్దమ్మగారు, "ఇంతకీ తేలినట్టా, తేలనట్టా?" అంది. ఈమె కూడా అదే అడుగుదామనుకుంటోంది.

పెద్దమ్మగారు ఊరెళ్లిపోయింది. పిల్లకంటే ఎక్కువగా ఈమెకే ఫోన్లు చేసేది. నొప్పి ఆ తరవాతా కొన్నిసార్లు వచ్చింది. ఒకసారి సెలవురోజున, తండ్రి ఇంట్లో ఉండగానే వచ్చింది. కూతుర్ని ఆ స్థితిలో అతను చూడడం అదే మొదలు. చొక్కా తిరగేసి తొడుక్కుని టాక్సీ కోసం కిందికి పరిగెత్తబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపి పక్కన కూర్చోబెట్టింది. పిల్ల నిద్రపోయాక అతను చొక్కా విప్పి సరిగ్గా తొడుక్కున్నాడు. "ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే ఇది చూశావా?" అన్నాడు. తరవాత నెలలో అర్జీ పెట్టుకుని సగం రోజులు పగటి డ్యూటీకి మార్పించుకున్నాడు.

దానివల్లనో, వేళకు పడుకోవడం వల్లనో, వయసు పెరగడం వల్లనో, ఏమీ కాకుండానో నొప్పి పలచబడింది. ఆమె మాత్రం చాలాకాలం రాత్రిళ్లు లేచి పిల్ల ముఖం చూసి వచ్చేది. ఒక్కోసారి పిల్ల బాగానే ఉండేది, తనకే పొట్టలో ఏదో పిండినట్టుండేది.

బొంగరానికి ఎనిమిదేళ్లు వచ్చాక, దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయి తన కొడుకు రాత్రిళ్లు కడుపు పట్టుకుంటున్నాడని చెప్పుకుని ఏడ్చింది. మీ పాపకు ఏం చేస్తే తగ్గిందక్కా అని అడిగింది. ఆమె ముందు డాక్టరుకు చూపించమంది, ఫలానా గుర్తులు కనపడితే పరిగెత్తమంది, పక్కన కూర్చోమంది. ఆ పైన చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిల్లనే అడిగింది. "అవునే, చిన్నప్పుడు నీకు రాత్రిళ్లు కడుపునొప్పి వచ్చేది కదా, అప్పుడెలా ఉండేది?"

బొంగరం నోట్లో ముద్ద ఆపి తెల్లమొహం వేసింది. "నాకా? కడుపునొప్పా? ఎప్పుడు పిన్నీ?"

ఆమె భర్త వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. ఆమె పిల్ల కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.