తొమ్మిది జామీను సంతకాలు

త్రినాథరావు సారు మీద నాకు చాలా ఏళ్లు కోపముండేది. ఆయన మంచివారని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచిపోయేవాణ్ణి.

ఆయనది తూర్పుగోదావరి. హైదరాబాదు పక్కనున్న రామచంద్రాపురం ప్లాంటులో టర్నరు ఉద్యోగం దొరికి, అరవై ఐదులో కుటుంబంతో ఇటు వచ్చేశారు. షిఫ్టు దిగాక పటాన్‌చెరులో బాపిరాజు పెట్టిన ప్రైవేటు ట్రైనింగు స్కూల్లో మాకు పాఠం చెప్పేవారు. మిషను లేని పాఠం. నల్లబల్ల మీద, ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషను బొమ్మ గీసి, ఏ భాగం ఏం చేస్తుందో చూపించేవారు. మిషన్లు వస్తున్నాయని బాపిరాజు ఏడాదిన్నరగా చెప్తూనే ఉన్నాడు. అవి నడిచి వస్తున్నాయేమోనని మేం నవ్వుకునేవాళ్లం.

ఫీజు సర్కారు అప్పుగా ఇచ్చేది, అదీ నేరుగా బాపిరాజు చేతికి. తీర్చాల్సింది మాత్రం మేము. దానికి పర్మనెంటు ఉద్యోగి ఎవరైనా జామీను ఉండాలి. చిట్కుల్‌లో కూలికి పోయే మా అమ్మ నర్సింహమ్మకు నెల జీతగాళ్లెవరు తెలుసు? నాలాంటి వాళ్లం తొమ్మిది మందిమి సారు కాళ్లావేళ్లా పడ్డాం. ఆయన తొమ్మిది కాగితాల మీదా సంతకం పెట్టారు. మేం కట్టకపోతే ఆయన జీతంలో కోస్తారు. సర్టిఫికెట్టు వస్తే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరుకుతుంది, అప్పు మేమే కట్టుకుంటాం అనుకున్నాం.

డెబ్భై నాలుగులో, పరీక్షలకు నెల ముందు సర్కారు తనిఖీ వచ్చింది. అందులో గట్టెక్కితేనే స్కూలుకు పక్కా గుర్తింపు, మాకు సర్టిఫికెట్లు. ముందురోజు పొద్దున లారీలోంచి రెండు లేతులు దిగాయి. రెండు రోజుల కిరాయికి తెచ్చినవని లారీ డ్రైవరే చెప్పాడు. సారు వాటి చుట్టూ తిరిగి చూస్తుంటే, తనిఖీలో నిజం చెప్పేస్తారేమోనని భయపడ్డాం.

"సార్, జెర మీరు ఊకోండ్రి. సర్టిఫికెట్ వస్తె సాలు. పని ఎన్క నేర్సుకుంటం" అన్నాను.

"నేనేమీ అననులేరా యాదగిరీ. తొమ్మిది సంతకాలు పెట్టినవాణ్ణి, నాకు మాత్రం భయం ఉండదా?" అన్నారు.

మర్నాడు తనిఖీ అధికారి బాపిరాజు పెట్టిన కోడికూర తిని, తీరిగ్గా షెడ్డులోకి వచ్చాడు. ప్రతి విద్యార్థీ ఆరువందల గంటలు మిషను మీద పనిచేశాడని రాసి ఉన్న కాగితం సారు ముందు పెట్టాడు. సారు పెన్ను మూత తీశారు. ఇంకొక్క నిమిషం ఆగితే అయిపోయేది.

"ఎవరితోనైనా ఒకసారి మిషను నడిపించండి, చూసి వెళ్తాను" అన్నాడు అధికారి. బాపిరాజు నన్ను ముందుకు తోశాడు.

ఇనుప కడ్డీని, దాన్ని పట్టి తిప్పే లేతు చక్కులో పెట్టి, పానాలాంటి జానెడు పొడుగున్న చక్కు తాళంతో బిగించాను. బిగించాక ఆ తాళాన్ని తీసెయ్యాలి. తియ్యకుండా మిషను తిప్పితే అది ఎగిరొచ్చి మనిషి తల పగలగొడుతుంది. ఆ సంగతి సారు బోర్డు మీద పదిసార్లు చెప్పారు. నా చేతులకు మాత్రం అది తెలియదు. తాళాన్ని చక్కులోనే వదిలేసి స్విచ్చి వైపు చెయ్యి చాచాను.

"ఆగరా!"

సారు నా చెయ్యి పక్కకు కొట్టి, మెయిన్ స్విచ్చి కిందికి లాగేశారు.

"కుర్రాడు కంగారు పడ్డాడండీ, అంతే" అన్నాడు బాపిరాజు.

సారు చక్కులోంచి తాళం తీసి నా వైపు చూశారు. వద్దు సారూ అని కళ్లతోనే బతిమాలాను.

"వీడు మిషను ముట్టుకోవడం ఇదే మొదలండి" అన్నారు అధికారితో. "మిగతావాళ్లూ అంతే. ఈ లేతులు కిరాయివి. సర్టిఫికెట్టు పట్టుకుని వీడు ఫ్యాక్టరీకి వెళ్తే, వీడైనా చస్తాడు, పక్కవాడైనా చస్తాడు. నేను సంతకం పెట్టను."

గుర్తింపు రాలేదు. స్కూలుకు తాళం పడింది. బాపిరాజు మా ఫీజులతో సహా ఎటో వెళ్లిపోయాడు, అతన్ని అడిగిన నాథుడు లేడు. మిషన్లు లేని స్కూలుకు మొదట తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది సర్కారే. వాడి చేతిలో డబ్బు పోసిందీ సర్కారే. అప్పు కట్టమని నోటీసు మాత్రం మా గుడిసెకు వచ్చింది. మేం కట్టలేకపోయాం. సారు జీతంలో కోత మొదలైంది.

తెలిసినవాళ్ల వర్క్‌షాపులో ఆదివారాలు మిషను నేర్పిస్తాను రమ్మని సారు కబురు పెట్టారు. అయిదుగురు వెళ్లారు. నేను వెళ్లలేదు. నా నోటికాడి కూడు తీసేశాడని ఊరంతా తిట్టుకుంటూ తిరిగాను.

డెబ్భై ఎనిమిదిలో, హమాలీ పనిలో కూడబెట్టిన డబ్బు తీసుకుని సారు క్వార్టరుకు వెళ్లాను. కృతజ్ఞతతో కాదు, ఆయన ముఖాన కొట్టి రావాలని. సారు డ్యూటీలో ఉన్నారు. ఆయన భార్య నాగరత్నమ్మ తలుపు తీసింది. లోపల ఒక అమ్మాయి తలెత్తకుండా కుట్టుమిషను తొక్కుతోంది.

"నా బాకీ అమ్మా" అని డబ్బు చాచాను.

ఆమె అందుకోలేదు. "మా అమ్మాయి సుమిత్ర మీ స్కూలు మూతపడ్డ ఏడే టెన్త్ ఫస్టు క్లాసులో పాసయింది నాయనా. పట్నంలో కాలేజీకి పంపాలనుకున్నాం. నాలుగేళ్లు జీతం కోశారు. ఇప్పుడీ డబ్బుతో దాన్ని ఏ కాలేజీలో చేర్చమంటావు?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "సారు ఏమన్నరమ్మా?"

"తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు. నేను ఏడ్చినప్పుడల్లా, 'ఆ కుర్రాడి తల పగిలిపోయేదే నాగరత్నం' అనేవారు." నా ముఖంలోకి చూసింది. "ఆ కుర్రాడివి నువ్వేనా?"

డబ్బు గడప మీద పెట్టి, నేనేనని తలూపాను.