గంటన్నర చాలనుకున్నాను

పదేళ్ల కిందటి మాట. అప్పుడు మేము రాయపూర్‌లోని దేవేంద్ర నగర్‌లో ఉండేవాళ్లం. జర్మనీలో నర్సుగా పనిచేస్తున్న మా అక్క జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరింది. వీసా రాగానే నేనొక్కదాన్నే బయలుదేరాను. అంతవరకు దేశం దాటి ఎరగను.

విమానం దిగాక అక్కావాళ్ల ఊరికి రైల్లో వెళ్లాలి. "మధ్యలో మూడు గంటలైనా ఉంచుకో అమ్మా, పాస్‌పోర్టు లైన్ పెద్దగా ఉంటుంది" అని బావ ఫోన్లో చెప్పాడు.

"అరే, డేఢ్ గంట బస్ బావా, గంటన్నర చాలు! నువ్వు మాత్రం అక్క దగ్గరే ఉండు" అన్నాను. ఒకసారి ఢిల్లీ నుంచి విమానంలో వచ్చినప్పుడు రాయపూర్‌లో దిగిన ఇరవై నిమిషాలకే ఆటో ఎక్కాను. అక్కడా అంతే అనుకున్నాను.

విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. పాస్‌పోర్టు లైన్లో గంట నిలబడ్డాను. పెట్టె లాక్కుంటూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి నా రైలు కదిలిపోతోంది. తర్వాతి రైలుకు నాలుగు గంటలు ఆగాలి. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. భయమేసి బావకు ఫోన్ చేసి ఏడ్చేశాను.

"ఏడవకు. అక్కడే కూర్చో, కారులో వచ్చేస్తున్నా" అన్నాడు.

వద్దని నేను అనలేదు.

రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఇద్దరం తిరిగి వెళ్తుంటే దారిలో ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బావ కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. అక్క పోయేటప్పుడు పక్కన మా వాళ్లెవరూ లేరు.

ఆ స్టేషన్లో నాలుగు గంటలు ఓపిక పట్టి కూర్చుని ఉంటే, బావైనా ఆమె చెయ్యి పట్టుకుని ఉండేవాడు. ఆయన ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనడు. అక్క పోయిన రోజున ఏటా ఫోన్ చేసి, తిన్నావా అని మాత్రం అడుగుతాడు.