బీరపువ్వుల బొంత

మొన్న రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయల బేరం ముగించుకుని మధ్యాహ్నం బస్సు దిగేసరికి, మా పక్కింటివాళ్ళ బట్టల కొట్టు తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. మెట్ల మీద కూర్చున్న పిన్నిగారి కొడుకు నన్ను చూసి లేచాడు. "అమ్మ పోయిందన్నా. పొద్దున కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. అంతే" అన్నాడు. నా చేతిలో మా అమ్మాయి కోసం తెచ్చిన పళ్ళ సంచీ ఉంది. దాన్ని ఎక్కడ దించాలో కూడా నాకు తోచలేదు.

ఆవిడకీ మాకూ చుట్టరికం లేదు. వాళ్ళు షావుకార్లు. మేము వినగడప నుంచి వచ్చి తిరువూరులో ఇల్లు కట్టుకున్న రైతులం. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. మా ఆవిడ పిన్నిగారూ అని పిలిస్తే నాకూ అదే అలవాటైంది. ఆవిడ మాత్రం మీసాలు నెరిసిన నన్ను పట్టుకుని "అబ్బాయ్" అనేవారు. ఇక ఈ లోకంలో నన్ను అబ్బాయ్ అని పిలిచేవాళ్ళు లేరండీ.

మా వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ఉయ్యాల్లోకి చిన్న బొంత పిన్నిగారి చేతి నుంచే రావాలి. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టి, రంగు గుడ్డల్ని పువ్వుల్లా కత్తిరించి అంచుల వెంట అతికేవారు. రేకుల చుట్టూ గొలుసుకుట్టు, నడుమ పుప్పొడికి ముడికుట్టు. బిడ్డ పడుకునే చోట మాత్రం పువ్వు ఉండేది కాదు. దారం ముడుల్ని కూడా పొరల మధ్యకు లాగి దాచేవారు. అంతా అయ్యాక బొంతను తన చెంపకేసి రుద్దుకునేవారు. ఎక్కడైనా గీరుకుందా, విప్పి మళ్ళీ కుట్టడమే.

మాకు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు. ఇక లేరులే అనుకుని ఊరుకున్నాక, నాకు యాభై దాటాక, మా ఆవిడ మళ్ళీ నీళ్ళోసుకుంది. నా సంతోషం ఏమని చెప్పను! కాళ్ళు నేల మీద ఆనలేదు. అయిదో నెల రాగానే పిన్నిగారి కొట్లోనే తళతళలాడే సాటిన్ గుడ్డ కొని, తిన్నగా ఆవిడ ముందు పెట్టాను.

"బొంత మొదలెట్టండి పిన్నిగారూ. తామరపూలు, గులాబీలు, ఏవీ తక్కువ కాకూడదు."

ఆవిడ ఆ గుడ్డను వేలితో కూడా తాకలేదు. "మావాడు అమ్మాడా నీకిది? వాడికి బుద్ధి లేదు, నీకూ లేదు. కొత్త గుడ్డకి పొగరెక్కువ అబ్బాయ్, పసిదాని ఒళ్ళు ఒరుసుకుపోతుంది. పోయి తిరిగిచ్చెయ్. అయినా ఇప్పుడే బొంతేంటి? బిడ్డ ఏడుపు నా చెవిన పడాలి. అప్పుడే సూది పడతా."

నేను చిన్నబుచ్చుకున్నానని కనిపెట్టారు కాబోలు, గొంతు తగ్గించి, "మీ దొడ్లో తామరలున్నాయా?" అన్నారు.

"లేవండి. బీరపాదు ఉంది."

"అయితే బీరపువ్వులే."

"బీరపువ్వులేంటండీ, చూసినవాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీ. నీ బిడ్డ కళ్ళు తెరిస్తే రోజూ కనపడేది అవేగా."

అలా అన్నారే గాని, బిడ్డ బతుకుతుందని ఒక్క మాట అనలేదు. ఆ మాట కోసమే నేను రోజూ ఏదో వంకతో గోడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

కాన్పు రోజు సన్నగా ముసురు పట్టింది. లోపల మంత్రసాని, నర్సమ్మ. బిడ్డ బయటపడిందన్నారు గాని ఏడుపు లేదు. నేను అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడ్డాను. గోడ అవతల పిన్నిగారింట్లోనూ చప్పుడు లేదు. ఎంతసేపో తెలీదు. అంతలో పిల్లిపిల్ల కూసినట్టు సన్నని ఏడుపు. నేను కదిలే లోపే గోడ మీంచి కేక వచ్చింది.

"అబ్బాయ్! పాత చీరలు పట్రా!"

తడుస్తూ వీధంతా తిరిగాను. పిల్లల తల్లుల చీరలే తేవాలని ఆవిడ ఆజ్ఞ. ఓ ఇంటి కోడలు చీర అందిస్తూ, "మనవరాలా బాబాయ్?" అంది. "కూతురమ్మా, కూతురు!" అని అరిచాను. "ఈ వయసులోనా!" అని ఆ ఇంట్లో ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ఇంకో రెండు చీరలు నా భుజాన వేశారు.

పిల్ల మరీ బలహీనం. పాలు తాగే ఓపిక కూడా ఉండేది కాదు. మైల బాగా పట్టించుకునే మనిషి, అయినా పిన్నిగారు రోజూ భోజనాలయ్యాక మా అరుగు మీదికొచ్చి కూర్చుని కుట్టేవారు. "ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకుంటాలే" అనేవారు. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను. "పిల్ల దక్కుతుందా పిన్నిగారూ?"

ఆవిడ తలెత్తలేదు. బొంతను ఒళ్ళో పరిచి, జానతో కొలిచి, "కాళ్ళ వైపు ఇంకో వరస వెయ్యాలి అబ్బాయ్. పిల్ల పొడుగయ్యేట్టుంది" అన్నారు.

నేను దొడ్లోకి పోయి బీరపాదు చాటున నిలబడి ఏడ్చాను. అంత చల్లని మాట నా జన్మలో ఎవరూ అనలేదు.

బారసాలనాడు మా బంగారుతల్లిని ఆ బొంత మీదే పడుకోబెట్టాం. చుట్టూ పసుప్పచ్చని బీరపూలు. ఒక్కరూ నవ్వలేదు. ఇప్పుడా పిల్లకి అయిదో ఏడు, ఈడుకి మించిన పొడుగు. నా అంత అదృష్టవంతుడు ఈ తాలూకాలో ఉన్నాడా చెప్పండి!

ఈ మధ్య పిన్నిగారికి సూది బెజ్జం కనపడేది కాదు. "మామ్మా, నేనెక్కిస్తా" అని మా అమ్మాయి పరుగెత్తేది. ఎక్కించిన దారమల్లా చిక్కుపడినా సరే, ఆవిడ మెచ్చుకుని కుట్టేవారు.

పిల్లకి నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మామ్మ స్వామి దర్శనానికి నెమలి ఊరు వెళ్ళారన్నాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పిన్నిగారి అరుగు మీద, ఆవిడ చాప పక్కన కూర్చుని ఉంది. చాప మీద కూర్చోలేదు, పక్కనే. ఆవిడ సూదుల దిండు ముందు పెట్టుకుని, దారం కొస నాలుక మీద తడిపి, ఒంటికన్ను మూసి ఒక్కో సూదికీ ఎక్కిస్తోంది.

"ఇన్నెందుకమ్మా?" అన్నాను.

"మామ్మ వచ్చేసరికి అన్నీ ఉండాలి నాన్నా. నేను బడికెళ్తే ఎవరెక్కిస్తారు?"

ఇంటికి రమ్మనలేకపోయాను. ఆవిడ కొడుకు లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దిండు నిండా సూదులు గుచ్చి ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దారాలు ఒక్కోదాని నుంచీ వేలాడుతూ గాలికి కదులుతున్నాయి. మా అమ్మాయి ఇంకో సూది చేతిలోకి తీసుకుంది.