ఇసుకలో తల గుంట లేదు

ఈ సాయంత్రం అంతర్వేది బీచ్‌లో అమ్మాయిల రగ్బీ చూసేను. బంతితో దూసుకెళ్తున్న మా ఊరి పిల్లని ఎదుటి జట్టమ్మాయి నడుం పట్టి ఎత్తి పడేసింది. పిల్ల లేచి ఒళ్ళు దులుపుకుంది గానీ, తల ముందు ఆనేలా పడేస్తే, పడేసినమ్మాయిని ఆటలోంచి పంపేస్తారు. "తల మీదే పడింది!" అని మేమంతా ఒకటే గోల. రెఫరీ గారికీ సరిగ్గా కనబడలేదు.

అంతలో చేపల వేటకెళ్ళే ఒకాయన వచ్చి, పిల్ల పడినచోట గొంతుక్కూర్చున్నారు.

"ముందు తుంటి ఆనిందండి, తరవాత భుజం. తల ఆనిన గుంటే లేదు. పట్టు మంచిదేనండి."

నాకు ఒళ్ళు మండింది. "పడింది మన ఊరి పిల్లండీ!"

"ఆయ్, మా అమ్మాయేనండి," అన్నారాయన, ఇసుక మీంచి కళ్ళు తిప్పకుండా.

రెఫరీ గారూ వంగి చూసి ఆట సాగించేరు. మేం ఓడిపోయేం.

నా పిల్లే పడుంటే ఆ ఇసుకలో నాకు తల గుంట కనబడి తీరేది. మీకో?